గోదావరి అడుగున లావా: గాల్లోంచి చదవడం ఎలా?

రాజమండ్రి నుంచి కాతేరు వైపు వెళ్తే ఊరి అంచున పాత రాతి గోతులు కనిపిస్తాయి. గోదావరి దాటి, కొవ్వూరు మీదుగా దేవరపల్లి దారి పడితే గౌరీపట్నం, పంగిడి, దుద్దుకూరు దగ్గర నల్లరాయి క్వారీలు వస్తాయి. క్రషర్ల దుమ్ము రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద బూడిద రంగులో పేరుకుని ఉంటుంది. అక్కడి నుంచి లారీల్లో వెళ్లే కంకర మన శ్లాబుల్లోకి, రోడ్ల అడుక్కి చేరుతుంది. ఆ కంకర ఒకప్పుడు లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట, రాక్షస బల్లుల కాలం ముగిసే రోజుల్లో, ఇక్కడి తీరం మీద పరుచుకుని గడ్డకట్టిన లావా. భూగర్భ శాస్త్రంలో దీని పేరు రాజమండ్రి ట్రాప్స్.

పైకి కనిపించేది కొంచెమే, ముప్పై అయిదు చదరపు కిలోమీటర్లకు మించదు. మిగతాది ఒండ్రు కింద, వరి చేల కింద, కొబ్బరి తోటల కింద ఉంది. కోనసీమలో గ్యాస్ కోసం ఓఎన్‌జీసీ తవ్విన బావుల్లో కొన్ని కిలోమీటర్ల లోతున ఇదే జాతి నల్లరాయి తగిలింది. ఆ పొరకు అక్కడి ఊరు రాజోలు పేరే పెట్టి రాజోలు ఫార్మేషన్ అంటున్నారు. అంటే గౌరీపట్నంలో చెప్పు కింద ఉన్న రాయి రాజోలులో పాతాళంలో ఉందన్నమాట. మధ్యలో అది ఎలా దిగింది, ఎక్కడ విరిగింది, అసలు ఎక్కడి నుంచి వచ్చింది? ప్రతి చోటా బావి తవ్వి చూడలేం. విమానానికి మాగ్నెటోమీటర్, అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే యంత్రం, కట్టి పైనుంచి కొలవడం ఒక దారి. ఆ దారి మొదటినుంచీ ఎలా నడవాలో డిగ్రీ విద్యార్థికి, సైన్సు మాస్టారికి, ఆసక్తి ఉన్న ఎవరికైనా అర్థమయ్యేలా చెబుతాను.

"రాయి కదండీ, విమానంలోంచి ఎలా కనబడుద్దండీ?" అని గౌరీపట్నంలో ఒక క్వారీ మేస్త్రి గారు నన్నడిగారు. కనపడదు. కానీ రాయిలో అయస్కాంతం ఉంది, దాని ప్రభావం గాల్లోకి వ్యాపిస్తుంది. ఆయనకు నోటితో చెప్పడం మానేసి ఒక దిక్సూచి తీసి చూపించాను. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.

మొదటి అడుగు: రాయిని చేతిలోకి తీసుకోండి

చెక్క బల్ల మీద గానీ, మేకులు లేని పీట మీద గానీ దిక్సూచి పెట్టండి. ఫోను, తాళాలు, బెల్టు బకిలు దూరంగా పెట్టండి. ముల్లు పూర్తిగా నిలిచేదాకా ఆగండి. ఇప్పుడు క్వారీలో దొరికిన తాజా నల్లరాయి, కొబ్బరికాయంత ముక్క, తూర్పు వైపు నుంచి నెమ్మదిగా దగ్గరికి తీసుకురండి. నాలుగు వేళ్ల దూరంలోకి వచ్చేసరికి ముల్లు ఒకటి రెండు డిగ్రీలు పక్కకు జరగవచ్చు. కళ్లు దగ్గరగా పెట్టి చూడాలి, చాలా చిన్న కదలిక అది.

అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. రాయిని అదే చోట ఉంచి తలకిందులుగా తిప్పండి. ముల్లు ఈసారి ఎదురు దిక్కుకు జరిగిందా? అయితే ఆ రాయికి సొంత అయస్కాంతత్వం ఉంది, దాన్ని నిలవ అయస్కాంతత్వం అనవచ్చు. ఎటు తిప్పినా ముల్లు ఒకే వైపు జరిగితే, భూమి క్షేత్రం వల్ల తాత్కాలికంగా పుట్టిన అయస్కాంతత్వమే ఎక్కువన్నమాట. దాన్ని ప్రేరిత అయస్కాంతత్వం అంటారు. తర్వాత రాజమండ్రి ఇసుకరాయి ముక్క, ఆ ఎర్రటిది, తెచ్చి అదే చోట పెట్టి చూడండి. ముల్లు మామూలుగా కదలదు.

ఈ చిన్న పరీక్షను నేను అంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానంటే, విమాన సర్వే మ్యాపులు చదివేవాళ్లు చేసే పెద్ద పొరపాటు రాయిని ముట్టుకోకుండా రంగుల పటాన్ని నమ్మడం. పటంలో ఎరుపు, నీలం రాయి రంగులు కావు. అవి రెండు అయస్కాంతాల కలయిక ఫలితం: ఒకటి ఈనాటిది, రెండోది 6.6 కోట్ల ఏళ్ల నాటిది.

లెక్క కూడా చూద్దాం. రాజమండ్రి దగ్గర భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 43 వేల నానో టెస్లాలు. బసాల్ట్ అంటే మన నల్లరాయి. క్షేత్రానికి లొంగే గుణం దానిలో ఎస్ఐ ప్రమాణాల్లో 0.03 ఉందనుకుంటే, ప్రేరిత అయస్కాంతత్వం మీటరుకు సుమారు ఒక ఆంపియర్ వస్తుంది. మన రాళ్లకు దగ్గరి బంధువులైన, పడమటి కనుమల వైపున్న డెక్కన్ లావాల్లో నిలవ అయస్కాంతత్వం చాలాసార్లు దానికి మించి, కొన్ని రెట్లు ఉంటుంది. అంటే మన రాళ్లలో పాత జ్ఞాపకమే గట్టిగా మాట్లాడుతుంది, నేటి క్షేత్రం గుసగుసలాడుతుంది. ఈ లొంగే గుణాన్ని కొలిచే చేతి మీటర్లు భూగర్భ శాస్త్ర విభాగాల్లో ఉంటాయి. మీ కాలేజీ ద్వారా అడిగి ఒక్క రోజు తీసుకున్నా చాలు. ఒక్కో క్వారీలో కనీసం ఇరవై చోట్ల కొలిచి రాసుకోండి. పైన పాడైపోయిన, ఉల్లిపాయ పొరల్లా ఊడిపోతున్న రాయిని వేరుగా కొలవండి. ఎండకూ వానకూ కుళ్లిన రాతిలో మాగ్నెటైట్ అనే అయస్కాంత ఖనిజం తుప్పుపట్టి బలం తగ్గిపోతుంది.

రెండో అడుగు: రాయి జ్ఞాపకాన్ని తెలుసుకోండి

లావా చల్లారుతూ మాగ్నెటైట్ రేణువుల ఉష్ణోగ్రత 580 డిగ్రీల దిగువకు రాగానే, ఆ క్షణాన భూమి క్షేత్రం ఎటు చూస్తే అటు ఆ రేణువుల అయస్కాంతత్వం తిరిగి నిలిచిపోతుంది. టైటానియం కలిసిన రేణువులకు ఈ హద్దు ఇంకా తక్కువ. 1950ల్లోనే క్లెగ్, డాయిచ్, గ్రిఫిత్స్ అనే పరిశోధకులు డెక్కన్ లావాల్లో ఈ దిశను కొలిచారు. ఆనాడు భారత భూమి భూమధ్యరేఖకు దక్షిణాన ఉండేదని అలా తేలింది. ఖండాలు కదులుతాయన్న మాటకు మన నల్లరాయి ఇచ్చిన సాక్ష్యాల్లో అదొకటి.

రాజమండ్రి ట్రాప్స్‌లో విశేషం ఇంకొకటి ఉంది. ఇక్కడి లావా ఒకే ప్రవాహం కాదు. కింది ప్రవాహానికీ పై ప్రవాహాలకూ మధ్య కొద్ది మీటర్ల సున్నపురాయి, బంకమట్టి పొర ఉంది. అందులో ఉప్పునీటి మడుగుల్లో, లోతులేని సముద్రంలో బతికిన జీవుల గుల్లలు దొరుకుతాయి. అంటే ఒక లావా చల్లారి, దాని మీద సముద్రం వచ్చి, జీవులు పుట్టి చచ్చి, పొర కట్టాక మళ్లీ లావా వచ్చిందన్నమాట. ఆ మధ్యకాలంలో భూమి అయస్కాంత ధ్రువాలు తారుమారయ్యాయి. కింది లావాలో ముల్లు తలకిందుల దిశ చూపుతుంది. పై లావాలో మామూలు దిశ. ఆ తారుమారు జరిగింది సుమారు 6 కోట్ల 57 లక్షల ఏళ్ల కిందట.

గెర్టా కెల్లర్, సునీల్ బాజ్‌పాయ్ తదితరులు 2008లో ప్రచురించిన పరిశోధన ఈ మధ్య పొరలోని సూక్ష్మజీవుల గుల్లల ఆధారంగానే కింది లావా ముగింపును రాక్షస బల్లుల అంతానికి చాలా దగ్గరగా పెట్టింది. ప్రపంచం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు మన దుద్దుకూరుకూ, రాజమండ్రికీ వచ్చేది ఈ పొర కోసమే.

ఈ తలకిందుల సంగతి పటం చదివేటప్పుడు మళ్లీ వస్తుంది, మనసులో ఉంచుకోండి.

మూడో అడుగు: ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"లావా ఎక్కడుందో చూద్దాం" అనేది ప్రశ్న కాదు. సర్వే ఎత్తు, వరుసల దూరం, ఖర్చు అన్నీ ప్రశ్న మీద ఆధారపడతాయి. మన ప్రాంతంలో అడగదగ్గ అసలు ప్రశ్న ఒకటుంది: ఈ లావా ఇక్కడే భూమిలోంచి ఉబికిందా, లేక పడమటి కనుమల నుంచి ప్రవహించి వచ్చిందా?

డెక్కన్ లావాల ప్రధాన భూభాగపు అంచు రాజమండ్రికి వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. మధ్యలో లావా లేదు. అయినా ఇక్కడి రాళ్ల రసాయన గుణం మహాబలేశ్వర్ ప్రాంతపు పై పొరలతో సరిపోలుతుంది. స్టీఫెన్ సెల్ఫ్, మైక్ విడోసన్ తదితరులు 2008లో దీన్ని ఆధారం చేసుకుని, పాత నదీ లోయల వెంబడి సుమారు వెయ్యి కిలోమీటర్లు లావా ప్రవహించి తూర్పు తీరం చేరి ఉండవచ్చనీ, ఇవి భూమి మీద తెలిసిన అత్యంత పొడవైన లావా ప్రవాహాలు కావచ్చనీ రాశారు. ఇక్కడే స్థానికంగా ఉబికిందన్న వాదన కూడా ఉంది.

అయస్కాంత పటం ఈ వాదనలో ఎలా పనికొస్తుందంటే, లావా నదిలా వచ్చి ఉంటే మధ్యలో ఉన్నది కోతకు కొట్టుకుపోయి ఉండవచ్చు. కానీ లావా భూమిలోంచి పైకొచ్చిన పగుళ్లు అలా పోవు. వాటిలో గడ్డకట్టిన నిలువు గోడలు, డైకులు, లోతుకు దిగి ఉంటాయి. పైన ఎంత కోసినా వేళ్లు మిగులుతాయి. కాబట్టి మన ప్రశ్న ఇలా ఉండాలి: రాజమండ్రి చుట్టూ, డెల్టా కింద, ఆ కాలపు డైకుల ఆనవాళ్లు ఉన్నాయా?

నాలుగో అడుగు: ముందు ఉన్న డేటా వెతకండి

విమానం అద్దెకు తీసుకునే ముందు, ప్రభుత్వం ఇప్పటికే ఎగిరిన చోట్లు చూడండి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2017 ఏప్రిల్‌లో జాతీయ గగన భూభౌతిక మ్యాపింగ్ కార్యక్రమం మొదలుపెట్టింది. వరుసల మధ్య 300 మీటర్లు, నేల నుంచి 80 మీటర్ల ఎత్తు అన్నది దాని కొలత. భూకోశ్ పోర్టల్‌లో భూగర్భ పటాలు ఉచితంగా దొరుకుతాయి. 2023 డిసెంబరులో మొదలైన జాతీయ భూవిజ్ఞాన డేటా భాండాగారంలో పేరు నమోదు చేసుకుంటే భూభౌతిక డేటా కూడా చూడవచ్చు. మీరు ఎంచుకున్న చోటు ఆ పరిధిలో ఉంటే అయిదో అడుగు నుంచి ఏడో అడుగు దాకా చదివి అర్థం చేసుకోండి, ఎగరాల్సిన పని లేదు. హైదరాబాద్‌లో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం భూభౌతిక విభాగం సలహా అడగదగ్గ చోట్లు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఐ.వి. రాధాకృష్ణమూర్తి గారు గురుత్వ, అయస్కాంత డేటా విశ్లేషణ మీద రాసిన పుస్తకం జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 1998లో వేసింది. గణితం భయపెట్టినా, బొమ్మలు చూస్తూ మొదలుపెట్టడానికి నాకు అంతకంటే మంచి పుస్తకం దొరకలేదు.

అయిదో అడుగు: ఎగరాల్సిన వరుసలు గీయండి

విమానం నుంచి అయస్కాంతత్వాన్ని కొలిచే ఈ పద్ధతి యుద్ధంలో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో నీటి కింది జలాంతర్గాముల ఇనుమును విమానం నుంచి పసిగట్టడానికి విక్టర్ వాకియే వంటివాళ్లు తయారుచేసిన ఫ్లక్స్‌గేట్ మాగ్నెటోమీటర్‌ను 1944 నాటికే భూగర్భ పరిశీలనకు మళ్లించారు. ఇప్పుడు సీజియం ఆవిరితో పనిచేసే మాగ్నెటోమీటర్లు వాడుతున్నారు, నానో టెస్లాలో వందో వంతు తేడాను కూడా పడతాయి. విమానానికైతే తోక వెనక పొడవాటి కడ్డీ చివర అమరుస్తారు. హెలికాప్టర్‌కైతే తాడుతో కింద వేలాడదీస్తారు.

మొదట దిశ. గోదావరి డెల్టా కింద పునాది రాయి ఈశాన్య–నైరుతి దిశలో గట్లుగా, లోయలుగా విరిగి ఉంది. తణుకు గట్టు, కైకలూరు గట్టు, తూర్పు, పశ్చిమ గోదావరి లోయలు అన్నీ ఆ వరసలోవే. కాబట్టి ఎగిరే వరుసలు వాటికి అడ్డంగా, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఉండాలి. గట్టు పొడవునా ఎగిరితే అది కనిపించదు.

తర్వాత దూరం. మాగ్నెటోమీటర్ నుంచి రాయి ఎంత దూరమో, దానికి రెండింతలకు మించి వరుసల మధ్య ఎడం ఉండకూడదన్నది పాత అనుభవ సూత్రం. గౌరీపట్నంలో రాయి నేల మీదే ఉంది, 80 మీటర్ల ఎత్తున ఎగిరితే వరుసలు 160 మీటర్లకు దగ్గర ఉండాలి. అక్కడ 300 మీటర్ల వరుసలు కొన్ని వివరాలు దాటేస్తాయి. రాజోలులో రాయి కిలోమీటర్ల లోతున ఉంది కాబట్టి, 300 మీటర్లు అవసరానికి మించి దగ్గర. అక్కడ కిలోమీటరు దూరం వరుసలు చాలు.

ఒక ఉదాహరణ లెక్క. కొవ్వూరు, దేవరపల్లి, రాజమండ్రి కలిసేలా 20 కిలోమీటర్లు, 30 కిలోమీటర్ల చట్రం తీసుకుందాం, 600 చదరపు కిలోమీటర్లు. వరుసకూ వరుసకూ 300 మీటర్లయితే మొత్తం 2000 కిలోమీటర్ల ఎగరడం. వాటిని అడ్డంగా కలిపే కట్టు వరుసలు 3 కిలోమీటర్లకొకటి వేస్తే మరో 200. గంటకు 216 కిలోమీటర్ల వేగంతో 2200 కిలోమీటర్లు ఎగరడానికి పది గంటలకు పైగా పడుతుంది, మలుపులు, ఇంధనం కాకుండా. సెకనుకు పది రీడింగులైతే ప్రతి 6 మీటర్లకు ఒక కొలత పడుతుంది.

కట్టు వరుసలు దండగ ఖర్చని కొత్తవాళ్లు తీసేస్తుంటారు. తీయకండి. రెండు వరుసలు దాటే చోట రెండు రీడింగులు సరిపోవాలి. సరిపోకపోతే ఎక్కడో తప్పు ఉందని చెప్పే సాక్షి అదొక్కటే.

అనుమతుల సంగతి క్లుప్తంగా. విమాన సర్వేకు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, రక్షణ శాఖల అనుమతులు తప్పనిసరి. చిన్న చోటుకు డ్రోను వాడదామనుకుంటే 2021 డ్రోన్ నియమాలు చదవండి. మధురపూడి విమానాశ్రయానికి దగ్గరగా ఉన్న కాతేరులో ఎగరేసే ముందు డ్రోన్లకు ఎక్కడ అనుమతి ఉందో రంగుల్లో చూపే డిజిటల్ స్కై పటంలో ఆ చోటి రంగు చూసుకోవాలి. డ్రోను మోటార్లలో అయస్కాంతాలుంటాయి కాబట్టి, మాగ్నెటోమీటర్‌ను కొన్ని మీటర్ల తాడుతో కింద వేలాడదీయాలి.

ఆరో అడుగు: నేల మీద కాపలా యంత్రం

భూమి క్షేత్రం రోజంతా ఒకేలా ఉండదు. పగలు ఎండ ప్రభావంతో పై వాతావరణంలో విద్యుత్తు ప్రవహిస్తుంది, దాంతో మన అక్షాంశాల్లో మధ్యాహ్నానికి పదుల నానో టెస్లాల మార్పు వస్తుంది. అయస్కాంత తుఫాను రోజున అది వందలు దాటుతుంది. విమానం ఎగురుతున్నంతసేపూ నేల మీద ఒక యంత్రం ఒకే చోట కొలుస్తూ ఉండాలి. దాని మార్పును విమానం రీడింగులోంచి తీసేస్తారు.

ఆ చోటు ఎంచుకోవడంలో డెల్టాలో పెద్ద చిక్కు ఉంది. ఒకసారి నేలమీది సర్వేలో నేను కాపలా యంత్రాన్ని ఊరికి దూరంగా, చుట్టూ నీళ్లున్న చెరువు గట్టు మీద పెట్టాను. ఉదయం అంతా శుభ్రంగా నడిచింది. సాయంత్రం చూస్తే, రెండు గంటల తర్వాత రీడింగు మెట్లు మెట్లుగా ఎగిరి కూర్చుంది. అవి రొయ్యల చెరువులు. రొయ్యలకు గాలి కోసం ఏరియేటర్లు ఒకటొకటిగా వేశారు. మోటార్ల కరెంటు, వాటి ఇనుము కలిసి ఆ రోజు పని మొత్తం పోయింది. అప్పటినుంచి నేను చెరువు రైతును ముందే అడుగుతాను: "ఏ టైముకి మోటార్లు వేస్తారండీ?"

కాబట్టి బడి ఆవరణ, గుడి మాన్యం, ఇనుము తక్కువున్న మెట్ట చోటు వెతకండి. హౌరా–చెన్నై రైలు మార్గపు కరెంటు తీగల నుంచి, బోరు మోటార్ల నుంచి దూరంగా ఉండండి. రోజుకు రెండు చోట్ల పెట్టి పోల్చుకుంటే ఇంకా మంచిది.

ఏడో అడుగు: అక్కర్లేని తేడాలు తీసేయండి

ఇక్కడ వివరంగా చెప్పాల్సింది తక్కువ, జాగ్రత్త ఎక్కువ. రోజువారీ మార్పు తీసేయండి. భూమి ప్రధాన క్షేత్రాన్ని అంతర్జాతీయ నమూనా ఐజీఆర్‌ఎఫ్‌తో తీసేయండి, అయిదేళ్లకొకసారి కొత్తది వస్తుంది. విమానం దిశ మారినప్పుడు వచ్చే చిన్న తేడాలు సరిచేయండి. కట్టు వరుసలతో సమం చేయండి.

తర్వాత మనిషి వేసిన ఇనుమును గుర్తుపట్టండి. రాజమండ్రి దగ్గర 1900 నాటి పాత హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు–రైలు వంతెన పటంలో పదునైన గీతల్లా పడతాయి. ధవళేశ్వరం బ్యారేజీ ఇనుప గేట్లు 175, అవీ కనిపిస్తాయి. గ్యాస్ బావుల ఉక్కు గొట్టాలు గుండ్రటి సూదుల్లా, పైపులైన్లు సన్నని తాడులా కనపడతాయి. కొత్తవాళ్లు ఇలాంటి తాడును డైకుగా భావించి సంబరపడటం నేను చూశాను. పైపులైను పటం పక్కన పెట్టుకుని చదవండి. తీరానికి దగ్గరైతే, అంతర్వేది వైపు నల్ల ఇసుకలోని ఖనిజాలు కూడా చిన్న తేడాలు చూపవచ్చు.

ఎనిమిదో అడుగు: పటం చదవడం

అసలు విద్య ఇదే. ఇక్కడ మన ప్రాంతానికే ప్రత్యేకమైన మూడు విషయాలు పట్టుకోవాలి.

మొదటిది, వాలు. ఐరోపా, అమెరికా పుస్తకాల్లో అయస్కాంత రాయి మీద ఎరుపు, అంటే ఎక్కువ రీడింగు, కనిపిస్తుంది. రాజమండ్రిలో భూమి క్షేత్రం నేలతో సుమారు 20 డిగ్రీల కోణంలోనే ఉంటుంది, దాదాపు పడుకుని ఉంటుంది. అయస్కాంత భూమధ్యరేఖ తమిళనాడు దక్షిణాన తిరునెల్వేలి దగ్గర్లోనే వెళ్తుంది కదా. అందువల్ల ప్రేరిత అయస్కాంతత్వం ఉన్న రాయి నెత్తిన, ఇంకా కొంచెం ఉత్తరంగా, నీలం వస్తుంది. ఎరుపు దానికి దక్షిణాన పడుతుంది. ఎరుపు చుక్క చూసి అక్కడ బోరు వేస్తే రాయి తగలకపోవచ్చు. పటాన్ని ధ్రువానికి మార్చే గణిత పద్ధతి ఒకటుంది, కానీ మన వాలులో అది ఉత్తర–దక్షిణ దిశలో దొంగ చారలు పుట్టిస్తుంది. దిశతో అంతగా సంబంధం లేకుండా రాయి అంచుల మీద శిఖరం చూపే విశ్లేషణా సంకేతం అనే లెక్క కొత్తవాళ్లకు క్షేమం. ఇంకో మాట: మన దగ్గర ఉత్తర–దక్షిణంగా సాగే డైకు ప్రేరిత అయస్కాంతత్వంతో చాలా బలహీనంగా కనిపిస్తుంది. పటంలో కనపడనంత మాత్రాన లేదనుకోవద్దు.

రెండోది, పలక. బల్లపరుపుగా, ఒకే మందంతో, హద్దు లేకుండా పరుచుకున్న లావా పొర విమానానికి ఏ తేడా చూపదు. వినడానికి వింతగా ఉంటుంది గానీ నిజం. ఎక్కడ చూసినా అంతే ఉంటే తేడా ఎక్కడి నుంచి వస్తుంది? తేడా వచ్చేది పొర అంచు దగ్గర, విరిగి కిందకు జారిన చోట, మందం మారిన చోట. డెల్టా కింద లావా పలకలాగే ఉంది కాబట్టి, పటంలో మనకు కనిపించే గీతలు ఎక్కువగా దాని విరుపులు. పాలకొల్లు ప్రాంతపు పగుళ్ల వంటివి ఇలాగే చదవాలి. ప్రశాంతంగా ఉన్న పటం కింద లావా లేదని రాసేయడం సర్వేల్లో తరచూ జరిగే తప్పు.

మూడోది, మన ట్రాప్స్ సొంత గుణం. కింది లావా తలకిందులు, పై లావా మామూలు. రెండూ ఒకదాని మీద ఒకటి ఉన్న చోట వాటి ప్రభావాలు కొంతవరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రెండూ ఉన్న చోట కంటే ఒక్కటే ఉన్న చోట బలమైన తేడా రావచ్చు. పంగిడిలో పై పొర కోతకు పోయి కింది పొర మిగిలిన చోటు పక్కన రెండూ ఉన్న చోటును ఒకే వరుసలో పోల్చి చూడండి. మొదటి అడుగులో రాసుకున్న పుస్తకం ఇక్కడ తెరవాలి.

ఆకారాలకు కొన్ని పోలికలు. లావా పాత నదీ లోయలో పారి ఉంటే పటంలో వంకర్లు తిరిగే సన్నని పట్టీ ఉండాలి, ఎండిన కాలువ చిత్రంలా. డైకు అయితే తిన్నగా, పదుల కిలోమీటర్లు గీసినట్టు సాగాలి. ఉబికిన నోరు అయితే గుండ్రంగా, చుట్టూ డైకులు చేరినట్టు ఉండాలి. ఒక్క హెచ్చరిక: డెల్టా కింద పునాదిలో తూర్పు కనుమల చార్నకైట్ అనే రాయి ఉంది, దానికీ అయస్కాంత గుణం ఎక్కువే. దాని గీతలు ఈశాన్య–నైరుతి వరసలో ఉంటాయి. కాబట్టి ఆ వరసలో ఉన్న గీతను లావాకు కట్టబెట్టే ముందు నాలుగుసార్లు ఆలోచించండి.

బతికి ఉన్న అగ్నిపర్వతాల దగ్గర ఈ చదువు ప్రాణాలు కాపాడే పని. అమెరికాలో మౌంట్ రైనియర్ మీద కరోల్ ఫిన్, సహచరులు హెలికాప్టర్‌తో అయస్కాంత, విద్యుదయస్కాంత సర్వే చేసి 2001లో ప్రచురించారు. వేడి ఆమ్ల నీళ్లు చొరబడిన చోట లావాలోని మాగ్నెటైట్ చచ్చిపోయి రాయి బంకమట్టిలా మెత్తబడుతుంది. అలాంటి చోటే కొండ జారి బురద ప్రవాహమయ్యే ప్రమాదం ఎక్కువ. పటంలో అయస్కాంతత్వం పోయిన చోటు కొండ బలహీనతకు గుర్తు. మన ట్రాప్స్‌కు ఆ ప్రమాదం లేదు గానీ, క్వారీలో ఊడిపోతున్న రాతికి మీ మీటరు తక్కువ అంకె చూపిన కారణం అదే కుటుంబానిది.

తొమ్మిదో అడుగు: లోతు

దూరం పెరిగేకొద్దీ చిన్న రాయి ప్రభావం దూరపు ఘనానికి తగ్గుతుంది. 100 మీటర్ల దగ్గర ఎంత ఉందో, 200 మీటర్ల దగ్గర అందులో ఎనిమిదో వంతే ఉంటుంది. లోతు పెరిగేకొద్దీ పటంలో గుట్ట వెడల్పవుతుంది, వాలు మెత్తబడుతుంది. గుండ్రటి ఒంటరి గుట్ట అయితే, దాని ఎత్తులో సగం దగ్గర వెడల్పు ఎంత ఉందో, సుమారుగా రాయి లోతు అంతే. అది నేల నుంచి కాదు, మాగ్నెటోమీటర్ నుంచి. విమానం ఎత్తు తీసేయడం మరిచిపోవద్దు.

ఒకే పటానికి చాలా లోతులు సరిపోతాయి. ఈ సందిగ్ధాన్ని కంప్యూటర్ తీర్చదు. గురుత్వ సర్వే, భూకంప తరంగాల సర్వే, ఏదైనా బావి రికార్డు, వీటిలో ఒక్కటైనా పక్కన పెట్టుకున్నాకే నమూనా గీయండి. రాజోలు ప్రాంతపు బావుల్లో లావా తగిలిన లోతు ఇలాంటి మేకు లాంటిది. దానికి కట్టి మిగతా తాడు లాగాలి.

పదో అడుగు: మళ్లీ నేల మీదికి

పటంలో మీరు అనుమానించిన గీతల్లో మూడు ఎంచుకోండి. ప్రోటాన్ మాగ్నెటోమీటర్ భుజాన వేసుకుని, ప్రతి 10 మీటర్లకు ఒక రీడింగు చొప్పున ఆ గీతకు అడ్డంగా నడవండి. వరి కోతల తర్వాత, చేలు ఎండి ఉన్నప్పుడు చేస్తే గట్టు నుంచి గట్టుకు తిన్నగా నడవొచ్చు. రైతుకు ముందే చెప్పండి, యంత్రం ఏం చేస్తుందో చూపించండి. నేను నడిచిన చేలల్లో ఎవరూ వద్దనలేదు, చాలామంది ఎంత లోతులో నీళ్లున్నాయని అడిగారు. ఈ యంత్రం నీళ్లను చూడదని నిజాయితీగా చెప్పాలి.

గీత నిజంగా ఉంటే, దగ్గర్లో రాయి బయటపడిన క్వారీ ఉంటే, అక్కడ నమూనా తీయండి. పగలగొట్టే ముందు రాయి మీద సున్నంతో ఉత్తరం బాణం గీయండి, వాలు కోణం పక్కన రాయండి. దిక్సూచిని రాతికి ఆనించకండి, రాయే దాన్ని లాగేస్తుంది. బాగా దూరంగా నిలబడి దిక్కు చూడండి, లేదా సూర్యుడి నీడతో చూడండి. బాణం లేకుండా సంచిలో పడిన ముక్క కంకరతో సమానం. బాణం ఉన్న ముక్కను ప్రయోగశాలకు పంపితే, అది చల్లారిన రోజున ఉత్తరం ఎటు ఉందో చెబుతుంది. దాన్ని బట్టి పటంలోని ఆ గీత కింది లావాదో, పై లావాదో, వాటికి సంబంధం లేని చార్నకైట్‌దో తేలుతుంది.